మత్తడి మీద మూడు వరుసలు

నాకు భయమేస్తే నవ్వొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పదో తరగతి లెక్కల ప్రశ్నపత్రం చూడగానే పకపకా నవ్వితే, పరీక్ష హాల్లో సారు నన్ను బయటికి పంపినంత పని చేశాడు. మా ఊరి చెరువు కట్ట తెగిన రోజు కూడా నేను నవ్వాను. నాకేదో పట్టిందని నలుగురూ అనుకున్నారు. ఆ రోజు తామంతా కూడా నవ్వామన్న సంగతి ఇప్పుడు అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నాకు మాత్రం బాగా గుర్తుంది.

మా బాపు ఆ చెరువుకు నీరటి. తూము ఎత్తి నీళ్లు వదలడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడటం, వంతుల దగ్గర కొట్లాట వస్తే తెగ్గొట్టడం నీరటి పని. మా తాత చేశాడు, తాత తర్వాత బాపు. తాతకు నీళ్లున్న చెరువు దొరికింది. బాపుకు ఎండిన చెరువు దొరికింది. నేను పుట్టక ముందెప్పుడో నిండిందట. నాకు తెలిసిన చెరువంటే మేకలు మేసే జాగా, పిల్లలు క్రికెట్ ఆడే జాగా. నేను స్కూటీ నేర్చుకున్నది కూడా చెరువు నడిమధ్యలోనే. పడితే మెత్తగా ఉంటుందని బాపే అక్కడికి తీసుకుపోయాడు.

అయినా బాపు రోజూ పొద్దున్నే కట్ట మీదికి పోయేవాడు. సర్కారు తుమ్మ మొలకలు నరికేవాడు, ఎలుక బొక్కలు పూడ్చేవాడు. తిరిగొచ్చేటప్పుడు చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు పట్టుకునేవారు. "ఏం నీరటీ, ఇయ్యాల ఎన్ని నీళ్లిడిసినవ్?" అని. "మీ ఇంటి ముంగటికెల్లే పోయినయ్ గదనే, నిద్ర లేవలేదా" అనేవాడు బాపు. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చి మాత్రం గోడ వైపు తిరిగి కొడవలి నూరుకునేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, అది ఊరందరికీ తెలుసు. ఒక్కసారైనా నిండిన చెరువు తూము ఎత్తాలి. ఊరు తన చేతి నీళ్లతో నాట్లు వేసుకోవాలి.

తెలంగాణ వచ్చాక చెరువులో పూడిక తీశారు. ఆ మట్టి ట్రాక్టర్ల మీద చెలకలకు పోయింది, కట్ట మీద కొత్త మొరం పడింది. ఆ ట్రాక్టర్ల వెంట తిరిగి, అరిచి, బాపుకు పది రోజులు గొంతు పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు వానలు మొహం చాటేశాయి. చెరువు లోతుగా, నీటుగా, ఖాళీగా ఉండిపోయింది.

ఒక ఏడు మాత్రం వాన పట్టుకుని వదల్లేదు. నేనప్పుడు జడ్చర్లలో మందుల కంపెనీలో డబ్బాలకు చీటీలు అతికించే పనిలో ఉన్నాను, అక్కడే కిరాయి గదిలో ఉండేదాన్ని. అమ్మ రోజూ ఫోన్ చేసేది. తూము సగం మునిగిందని ఒకరోజు, తూము కనబడటం లేదని ఒకరోజు, మైసమ్మ గుడి మెట్టు తడిసిందని ఇంకోరోజు. చివరికి ఒక పొద్దున, "మత్తడి దుంకుతాంది బిడ్డా, మీ బాపు అన్నం తింటలేడు, కట్ట దిగుతలేడు, వచ్చి చూడు" అంది. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర కట్టిన రాతి గోడే మత్తడి. దాని మీంచి నీళ్లు దూకడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. సూపర్‌వైజర్ దగ్గరికి పోయి సెలవడిగాను. ఎందుకన్నాడు. మా చెరువు నిండింది సార్ అన్నాను. ఆయనది కూడా మా దిక్కు ఊరే. "పో, ఫోటోలు పెట్టు" అన్నాడు.

నేను పోయేసరికి ఊరంతా మత్తడి దగ్గరే ఉంది. షాద్‌నగర్‌లో పనులకు పోయినవాళ్లు కూడా వచ్చేశారు. ముసలివాళ్లు నీళ్లకు మొక్కుతున్నారు, ఆడపిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు, పెద్ద మనుషులు పంచెలు ఎగగట్టి నాచు మీద జారి పడి మళ్లీ జారడానికి పోతున్నారు. ఈసారి బతుకమ్మలను బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో వేసే బాధ తప్పిందని ఆడవాళ్లు చప్పట్లు కొట్టుకుంటున్నారు. అత్తమ్మ నన్ను చూడగానే దోసిలితో నీళ్లు తెచ్చి నెత్తిన పోసింది. అత్తమ్మ వరుసకు బాపుకు అక్క. మామ పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. కట్ట కింద, తూముకు ఆనుకుని ఉన్న మొదటి ఎకరన్నర ఆమెది. ఆమెకున్న ఆస్తి అంతే. బాపును ఎంత తిట్టినా 'తమ్మీ' అనే తిడుతుంది.

పూట గడిచేసరికి నవ్వులు కొంచెం సద్దుమణిగాయి. ఎవరో అన్నారు, "ఇన్ని నీళ్లు ఊకెనే పోతున్నయ్ గదనే" అని. ఆ మాటతో అందరి మొహాలూ మారాయి. నీళ్లు రావడం ఎలా ఉంటుందో మా ఊరికి అలవాటు లేదు. పోవడం మాత్రం బాగా అలవాటు. బోరు తర్వాత బోరు ఎండుతుంటే చూసినవాళ్లం. నిండిన చెరువు పొర్లడం ఇంకో ఊరివాళ్లకు అందంగా కనబడుతుందేమో, మా వాళ్లకు పగిలి కారుతున్న కుండ కనబడింది.

మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఎత్తు పెంచుదామన్నారు. బాపు వినగానే అడ్డం నిలబడ్డాడు. "మత్తడిని ముట్టొద్దు. మా నాయిన ఎన్నడు ముట్టనియ్యలే" అన్నాడు. అప్పుడు ట్రాక్టర్ ఉన్నాయన నెమ్మదిగా చెప్పాడు, "మోకాలెత్తు నీళ్లు ఆపితే రెండో పంట, యాసంగి గూడ పారుతది. మేం మా ఇష్టం చేస్తలేం. నువ్వు నీరటివి, నువ్వు ఊ అంటేనే."

నలభై యాభై మంది బాపు నోటివైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన బతుకులో అంతమంది ఆయన మాట కోసం ఆగింది అదే మొదటిసారి. ఆయన మొహంలో భయం, సంతోషం రెండూ కనబడ్డాయి. నేను ఆగలేకపోయాను. "అను బాపూ, ఒక్క వరుసే గదా" అన్నాను. బాపు నావైపు చూశాడు. "ఒక్క వరుస. ఒక్కటంటే ఒక్కటే" అన్నాడు.

యూరియా సంచులు ఇండ్లలోంచి వచ్చాయి, ఇసుక ట్రాక్టర్ మీద వచ్చింది. మొదటి వరుస పేర్చాక ఎగుడుదిగుడుగా ఉందని, సాపు చేయడానికి రెండో వరుస వేశారు. ఇంకా సంచులు మిగిలాయని మూడోది వేశారు. వరదతో పై చెరువుల నుంచి కొట్టుకొచ్చిన చేపలు మత్తడి దూకి పోతాయేమోనని కట్టెలు పాతి వల కట్టారు. ఆ ఒక్కటి దాటాక ప్రతి వరుసకూ బాపు ఒద్దన్నాడు. ప్రతిసారీ ఇంకొంచెం చిన్నగా అన్నాడు. నేను నాలుగు బస్తాలు మోశాను. అత్తమ్మ రెండు మోసింది. ఆఖరు బస్తా పడ్డాక నీళ్లు దూకడం ఆగిపోయింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎవరో బాపును భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆయన దించమని మొత్తుకుంటూనే నవ్వుతున్నాడు. బాపును అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను కట్ట మీదికి అన్నం పట్టుకుపోయాను. పైన ఎక్కడో గట్టిగా పడ్డట్టుంది, నీళ్లు ఎర్రగా, ఉరుకులు పెడుతూ వస్తున్నాయి. వల నిండా తుమ్మ కొమ్మలు, ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని గోడ కట్టినట్టయింది. నీళ్లు మత్తడి దాటలేక కట్ట అంచుకు ఎక్కుతున్నాయి. బాపు తూము పక్కన, కట్ట కింది వైపు చెయ్యి పెట్టి చూస్తున్నాడు. అక్కడ మొరం తడిసి, సన్నటి ధార కడుతోంది. ఆయన నన్ను చూసి చాలా మామూలుగా చెప్పాడు. "బిడ్డా, ఉరుకు. మైకుల చెప్పు. కట్ట కింద పురుగు గూడ ఉండొద్దు." తను మత్తడి వైపు ఉరికాడు.

దగ్గరున్న మైకు మసీదుది. అక్కడ అజాన్ ఇచ్చే చాచా పక్కనే పంక్చర్ల దుకాణం నడుపుతాడు. విషయం చెప్పగానే చేతిలో ట్యూబు పడేసి, తాళం తీసి, మైకు నా చేతిలో పెట్టాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "హలో, హలో, మైక్ టెస్టింగ్." రెండోది నవ్వు. ఊరంతా వినబడేలా నవ్వాను. చాచా నెత్తి కొట్టుకుని మైకు లాక్కున్నాడు. "కట్ట తెగుతాంది. అందరు బడి దిక్కు నడువుండ్రి. గొడ్ల తాళ్లు ఇప్పుండ్రి. సామాన్ల ఫికర్ చెయ్యొద్దు" అన్నాడు. అప్పటికి నాకు మాట వచ్చింది. "అత్తమ్మా, నువ్వు మడిలనే ఉన్నవని నాకెర్కే, కలుపు ఆడ పడేసి రా" అని అరిచాను. పది నిమిషాల్లో అత్తమ్మ బురద కాళ్లతో బడి దగ్గరికి వచ్చి, ఊరందరి ముందు తన పరువు తీశానని నన్ను తిట్టింది.

బడి మిట్ట మీదుంటుంది. అక్కడి నుంచి అందరం చూశాం. మొదట తూము పక్కన మూరెడు జాగా కిందికి దిగింది. మూరెడు బారెడైంది, బారెడు బండి బాటంతైంది. తర్వాత ఏది కట్టో ఏది నీళ్లో తెలియలేదు. అత్తమ్మ మడి మొదటిదే కాబట్టి మొదట అదే పోయింది. ఆ ఏటి వానలకే నాటిన వరి ఒక్క ఊపులో ఎర్రటి నీళ్ల కింద పడుకుంది. "పొద్దుగాల్ల నుంచి కలుపు తీస్తున్న" అంది అత్తమ్మ. కింది వాడలో రెండు మట్టి ఇండ్లు కూలాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి, మోటార్లు పోయాయి, కోళ్లు పోయాయి. జడ్చర్ల బాట తెగి, ఆర్టీసీ బస్సు ఊరి బయటే ఆగిపోయింది. మనుషులు మాత్రం ఒక్కరు కూడా పోలేదు. దూరంగా మత్తడి దగ్గర నిలబడి కనబడుతున్న బాపుతో కలిపి, చాచా రెండుసార్లు లెక్క చూశాడు.

గంటన్నరకు ఉధృతి తగ్గి నీళ్లు పల్చబడ్డాయి. అప్పుడు ఎవరో అరిచారు, "చాపలు" అని. పొలాల్లో, బాట మీద, హనుమాండ్ల గుడి అరుగు మీద, ఎక్కడ చూసినా చేపలే, తెల్లగా ఎగిరెగిరి పడుతున్నాయి. బడి మిట్ట మీది జనమంతా ఒక్కసారిగా బురదలోకి దిగారు. ఒకాయన హెల్మెట్‌లో పట్టాడు. ఒకావిడ చీర కొంగులో పట్టి, కొంగు బరువుకు బోర్లా పడింది. బస్సు డ్రైవర్ ప్యాంటు మడిచి దిగాడు, కండక్టర్ టికెట్ల సంచిలో వేసుకున్నాడు. ఇల్లు కూలినాయన తన ఇంటి తలుపు మీదే కూర్చుని రెండు చేతులతో ఒక బొచ్చె చేపను పట్టుకుని, జారిపోతే మళ్లీ పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. నేను చున్నీతో ఏడు పట్టాను. బతికున్నాం, అంతకు మించి ఏమీ తలకెక్కడం లేదు. ఆ గంటసేపు మా ఊరికి పిచ్చి పట్టింది. అంత సంతోషం నేను పెండ్లిండ్లలో కూడా చూడలేదు.

అత్తమ్మ కూడా తన మడిలోకి దిగింది. మడి ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో తెలియకుండా మోకాళ్లెత్తు ఇసుక మేట వేసింది. గుంటలో చిక్కిన పెద్ద చేపను మొప్పల దగ్గర పట్టుకుని, "నా మడిల దొరికింది నాదే" అని పక్కవాడితో కొట్లాడి గెలిచింది. గెలిచి ఆ ఇసుకలో చతికిలబడి, చేపను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంటే అదీ చేపల వాసనే. ఆమె నన్ను రెక్క పట్టి పక్కన కూలేసింది. ఏడుస్తూనే ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు ఊగామో తెలియదు.

బాపు చేపల దగ్గరికి రాలేదు. మత్తడి మీద మూడు వరుసల్లో రెండు తీయగలిగాడు. మూడోదాని దగ్గర ఉండగానే కట్ట తెగింది. అరచేతులు చీరుకుపోయి వచ్చాడు. ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ పులుసు వాసన వస్తోంది. అమ్మ ఆయన ముందు కంచం పెట్టింది. ఆయన ముట్టలేదు. "ఇగ నేను నీరటిని గాను" అన్నాడు.

మూడో రోజు నష్టం రాసుకోవడానికి మండలం నుంచి ఒక సారు వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నాడు. మత్తడి మీద బస్తాలు ఎవరు వేశారని అడిగాడు. అందరూ తమ కాళ్ల వైపు చూసుకున్నారు. బాపు లేచాడు. "నేను ఊ అన్న సారు. నీరటిని నేనే." సారు రాయబోతుంటే ట్రాక్టర్ ఆయన లేచాడు, ఇసుక తెచ్చింది తనేనని. సంచులు మావని ఇంకొకాయన అన్నాడు. వల మేం కట్టినమని ఇంకో ఇద్దరు అన్నారు. "నేను పది బస్తాలు మోసిన" అని ఒకడంటే, "పదెక్కడివిరా, నాలుగు మోసి నడుం పట్టుకొని కూసున్నవ్" అని వాడి బావమరిది అందుకున్నాడు. తప్పు ఒప్పుకుంటున్నామన్న సంగతి మరిచిపోయి ఎవరు ఎక్కువ మోశారని కొట్లాట మొదలైంది. సారు పెన్ను మూత పెట్టి, "ఊరంతా వేసిండ్రని రాయాల్నా" అన్నాడు. "రాయి సారు, నేను రెండు మోసిన, నా మడి నేనే ముంచుకున్న" అంది అత్తమ్మ. సారు కూడా నవ్వేశాడు.

బాపు నవ్వలేదు. ఇంటికొచ్చాక అమ్మ, ఊరంతా నీ దిక్కే ఉంది గదా అంటే, "అందరు మోసిండ్రు. ఒద్దని తెల్సినోణ్ణి మాత్రం నేనొక్కణ్ణే" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. మత్తడి దగ్గర ఆయన చేత ఊ అనిపించింది నేనని ఆయన ఎవరికీ చెప్పలేదు. అంతమంది లేచి తమ బస్తాలు చెప్పుకున్నప్పుడు నేను అమ్మ వెనక దాక్కున్నాను. ఇప్పటికీ ఆ సిగ్గు నాకు పోలేదు.

ఆ నెలలోనే బాపు నాతో పాటు జడ్చర్లకు వచ్చేశాడు. ఒక గోదాములో వాచ్‌మన్ పని దొరికింది. నీలం చొక్కా, ఈల ఇచ్చారు. వచ్చే లారీలకు గేటు తీసేవాడు, పోయే లారీలకు మూసేవాడు. ఎండాకాలం జేసీబీలు వచ్చి ఊళ్లో గండి పూడ్చాయి. తర్వాతి వానలకు చెరువు సగం నిండింది. ఇంకో నీరటిని ఊరు పెట్టుకోలేదు. ఎవరికి వాళ్లు తూము ఎత్తుకున్నారు, ఎవరికి వాళ్లు కాలువ తిప్పుకున్నారు, రోజుకొక తల పగిలేది. రెండుసార్లు బాపుకు కబురు పెట్టారు. రానన్నాడు. అమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం మొదట అడిగేది తూము ఎంతవరకు మునిగిందనే.

యాసంగి మొదలయ్యాక ఒక పొద్దున నేను బాపుకు చాయ్ పట్టుకుని గోదాముకు పోయేసరికి, గేటు ముందు అత్తమ్మ నిలబడి ఉంది. బాపు సంతకం కోసం రిజిస్టర్ పట్టుకుని గేటు లోపల ఉన్నాడు. "దస్కత్ పెట్టుడు నాతోని గాదు తమ్మీ. నా నీళ్ల వంతు ఎన్నడు?" అని అడుగుతోంది. సగం ఇసుక ట్రాక్టర్‌తో ఎత్తించి, మిగిలిన ఇసుకలో పల్లి వేసిందట. మొలకలు వచ్చాయట. తూము పక్కనే ఉండి కూడా చుక్క నీళ్లు దక్కడం లేదట, బలమున్నవాళ్లు తిప్పుకుపోతున్నారట.

"నేను నీరటిని గాదక్కా. నా మాటతోనే నీ మడి పాయె" అన్నాడు బాపు.

"ఊ అనమన్నది నేనే అత్తమ్మా" అన్నాను. ఏడాది పైన అయింది, అప్పుడు నోరు పెగిలింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

అత్తమ్మ నావైపు చూడను కూడా చూడలేదు. "నీ మాటతోని పోయింది, నాకెర్కే" అంది బాపుతో. "పోయింది నీ మాటతోనే రావాలె. ఇంకొకని చేతి నీళ్లు నా మడికి ఒద్దు. పల్లి ఎండితే ఎండనియ్యి."

బాపు రిజిస్టర్ రెండో వాచ్‌మన్ చేతిలో పెట్టి, ఈల తీసి ఇచ్చి, గేటు దాటాడు. బస్సులో అత్తమ్మ కండక్టర్‌తో, "మా ఆడోళ్లకు టికెట్ లేదు గదా, గీ మొగోనికి ఒక్కటి కొట్టు" అని చెప్పి, బాపును కిటికీ పక్కన కూర్చోబెట్టి దారంతా తిట్టింది. బస్సు దిగిన బాపు ఇంటికి కూడా పోలేదు. నీలం చొక్కాతోనే తూము ఎత్తాడు.

ఇసుకలో నీళ్లు ముందుకు పోవు, కిందికి పోతాయి. అత్తమ్మ మడి మొదట్లోనే నీళ్లన్నీ ఇంకిపోతుంటే బాపు ఆమె పార తీసుకుని చెరువు మట్టి తవ్వి తెచ్చి కాలువ అడుగున పరిచాడు. పరిచినంత మేర నీళ్లు కదిలాయి. మళ్లీ తవ్వాడు, మళ్లీ పరిచాడు. నేను, అత్తమ్మ తట్టలు మోశాం. బాట మీద పోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. నీళ్లు తిప్పుకున్నవాళ్లు కూడా వచ్చి ఒడ్డున నిలబడ్డారు, ఎవరూ కాలువకు అడ్డం రాలేదు. పొద్దు గుంకే ముందు నీళ్లు చివరి సాలుకు అందాయి.

అత్తమ్మ సాలు దగ్గర కూర్చుని తడి ఇసుక పిసికి చూసింది. "ఇసుక తాగుతనే ఉంటది. రేపు గూడ ఇడువు తమ్మీ" అంది.

బాపు పార కాలువ గట్టున గుచ్చి, ఒడ్డున ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూశాడు. "రేపు నీది గాదక్కా. రేపు కింది మడోళ్ల వంతు. నీకు ఎల్లుండి" అన్నాడు.

అత్తమ్మ తిట్టడం మొదలుపెట్టింది. బాపు అప్పటికే తూము దించడానికి కట్ట ఎక్కుతున్నాడు.